పాత మార్కెట్ స్థలంలో ఆర్కిటెక్చర్ కాలేజీ: నాలుగు దారుల్లో మీ సైట్‌కి ఏది సరిపోతుంది?

థీసిస్ సీజన్ వచ్చిందంటే చాలు, ప్రతి ఏడూ కనీసం ఇద్దరు ముగ్గురు విద్యార్థులు ఒకే ఆలోచన పట్టుకుని నా దగ్గరికి వస్తారు. ఊరి నడిబొడ్డున ఉన్న పాత మార్కెట్ స్థలంలో ఆర్కిటెక్చర్ కాలేజీ డిజైన్ చేస్తాం మేడమ్ అంటారు. మంచి ఆలోచనే. మన దగ్గర చాలా కాలేజీలు ఊరికి దూరంగా, రింగ్ రోడ్డు అవతల ఖాళీ ప్లాట్ల మధ్య ఉంటున్నాయి. నగరం ఎలా నడుస్తుందో అక్కడి పిల్లలు స్లైడ్లు చూసి తెలుసుకోవాల్సి వస్తోంది. అదే మార్కెట్ పక్కన చదివితే నీడ, నీళ్లు, జనం నడిచే దారి, సరుకు దిగే చోటు అన్నీ కిటికీలోంచే కనపడతాయి.

ఎటొచ్చీ వాళ్లు మొదలుపెట్టే తీరుతోనే నాకు పేచీ. మొదటి రోజే కమానుల ఫొటోలు, రెండో రోజు పైన తేలే గాజు పెట్టె స్కెచ్. మూడో వారానికి ఆ పెట్టె మీద ప్రేమ పెరిగిపోయి, ఇంకో దారి చూపిస్తే కళ్లనీళ్లు పెట్టుకుంటారు. అందుకే ఈ గైడ్. మీరు విద్యార్థి అయినా, నిజంగానే ఇలాంటి పని చేతికొచ్చిన ఆర్కిటెక్ట్ అయినా, పెన్సిల్ పట్టకముందు ఏ దారిలో వెళ్లాలో తేల్చుకోవడానికి.

ముందు ఒక్క సంగతి చెప్పాలి. ఆమధ్య ఒక విద్యార్థిని పాత కూరగాయల మార్కెట్ ఒకటి కొలిచి తెచ్చింది. ప్లాన్ ముచ్చటగా గీసింది. రాతి అరుగులన్నిటికీ నంబర్లు వేసి, ఒక్కో అరుగు పక్కన అక్కడ కూర్చునే మనిషి ఏం అమ్ముతారో రాసుకుంది. ఎన్నింటికి వెళ్లావమ్మా అంటే పగలు పదకొండింటికి అంది. ఇద్దరం కలిసి మళ్లీ వెళ్లాం. గోంగూర కట్టలు సర్దుకుంటున్న ఒక పెద్దావిడ ఆ కాగితం వంక చూసి, "పొద్దుగాల నాలుగు గంటలకు రా బిడ్డా, అప్పుడు కనవడ్తది ఎవరి జాగ ఏదో" అంది.

మర్నాడు నాలుగింటికి వెళ్లాం. పగలు గోంగూర ఉన్న అరుగు మీద ఉల్లిగడ్డ బస్తాలు ఉన్నాయి. డీసీఎం వ్యాన్ వెనక్కి వచ్చి ఆగడం, హమాలీ భుజం మీది బస్తా సరిగ్గా ఆ అంచు మీదే వాలడం, కాంటా వేసి లెక్క రాసుకోవడం అన్నీ ఆరు గంటల లోపే అయిపోయాయి. ఏడింటికి పెద్దావిడ వచ్చి నీళ్లు చల్లి, గోనె పరిచి తన సరుకు పెట్టింది. సాయంత్రం అదే అరుగు మీద మల్లెపూల బుట్ట. అరుగు ముందంచు బస్తాలు రాసుకుని రాసుకుని చెయ్యి వేస్తే జారేంత నున్నగా ఉంది. వెనక మూలన టార్పాలిన్ తాడు కట్టే ఇనుప కొక్కెం, దాని పక్కన తాడు ఒరుసుకుని పడ్డ వేలెడు గాడి. ఒక్క అరుగు మీద రోజుకి మూడు బతుకులు. మా పిల్ల గీసిన ప్లాన్‌లో ఉన్నది ఒక్కటే.

కాబట్టి ఏ దారి ఎంచుకోవాలన్నా ముందు మూడు ప్లాన్లు గీయండి: తెల్లవారుజామున నాలుగింటిది, పగలు పదకొండింటిది, రాత్రి ఏడింటిది. మీ కాలేజీకి ఎప్పుడు, ఎక్కడ, ఎంత జాగా దొరుకుతుందో ఆ మూడూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

వ్యాపారం బతికి ఉందా, వెళ్లిపోయిందా?

దారులు పోల్చే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇదే. కట్టడం వయసు, అందం దీని తర్వాతే.

హైదరాబాద్‌లో మొజంజాహి మార్కెట్ చూడండి. 1935లో ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో గ్రానైట్ రాయితో కట్టారు. మూలన గడియారం గోపురం, దానికి అటూ ఇటూ సాగిన కమానుల వరసలు, మధ్యలో ప్రాంగణం. ఒకప్పుడు ఇది పళ్ల మార్కెట్. 1980ల్లో పళ్ల వ్యాపారం కొత్తపేటకి తరలిపోయింది. మిగిలింది ఐస్‌క్రీమ్ దుకాణాలు, చిల్లర అంగళ్లు. చాలా ఏళ్లు పాడుబడినట్టు ఉండి, 2018లో మరమ్మతు మొదలై 2020లో మళ్లీ తెరుచుకుంది. అంటే అసలు వ్యాపారం ఎప్పుడో వెళ్లిపోయింది, కట్టడం మాత్రం గట్టిగా నిలబడింది.

సికింద్రాబాద్ మోండా మార్కెట్ సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ గోడల కన్నా వ్యాపారం గట్టిది. పొద్దున్నే కూరగాయలు, ఆకుకూరలు, చుట్టూ సందుల్లో ఒక్కో సరుకుకి ఒక్కో వరస. అక్కడి కట్టడాలు కూల్చినా ఆ మర్నాడు పొద్దున అదే నేల మీద గోనెలు పరుచుకుని అమ్ముతారు.

ఈ రెండు సైట్లకీ ఒకే డిజైన్ పనికొస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. చచ్చిన మార్కెట్‌లో కాలేజీ పెడితే కట్టడానికి మళ్లీ ఊపిరి పోసినట్టు అవుతుంది. బతికున్న మార్కెట్‌లో అదే పని చేస్తే, ఎంత అందంగా చేసినా, వందల మంది జాగా లాక్కున్నట్టే.

మొదటి దారి: పాతది తీసేసి కొత్తది కట్టడం

దీని గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే ఈ దారి నూటికి తొంభై సార్లు తప్పు అని నా నమ్మకం. అలాగని తోసిపుచ్చడానికి లేదు. ఆర్కిటెక్చర్ చరిత్రలో అందరూ మొక్కే కాలేజీ భవనాల్లో ఒకటి ఇలాగే వచ్చింది. షికాగోలో ఆర్కిటెక్ట్ మీస్ వాన్ డెర్ రో కట్టిన క్రౌన్ హాల్, 1956. ఆ స్థలంలో అంతకుముందు 1892లో కట్టిన మెక్కా ఫ్లాట్స్ అనే పెద్ద అపార్ట్‌మెంట్ ఉండేది. నల్లజాతి కుటుంబాలు ఏళ్ల తరబడి కాపురం ఉన్న ఇల్లు అది. ఖాళీ చేయడానికి వాళ్లు ఒప్పుకోలేదు, ఏళ్లపాటు పోరాడారు. చివరికి 1952లో కూల్చేశారు. క్రౌన్ హాల్ ప్లాన్ మనందరికీ కంఠతా వస్తుంది. దాని కింద ఏముండేదో ఏ క్లాసులోనూ నాకెవరూ చెప్పలేదు, చాలా ఆలస్యంగా తెలిసింది. అప్పటి నుంచి నా క్లాసులో ఈ రెండూ కలిపే చెబుతున్నాను.

మార్కెట్ల విషయానికొస్తే పారిస్‌లోని లే హాల్ ఉంది. విక్టర్ బాల్టార్ ఇనుము, గాజుతో కట్టిన మండపాలవి. 1969లో టోకు వ్యాపారాన్ని ఊరి బయట రాంజిస్‌కి పంపేశారు, 1971లో మండపాలు కూల్చడం మొదలుపెట్టారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఊరి మధ్య పెద్ద గొయ్యి. 1979లో నేల కింద షాపింగ్ సెంటర్ వచ్చింది. అదీ నచ్చక మళ్లీ తవ్వి, 2016లో పైన కొత్త కప్పు వేశారు. మండపాల్లో ఒకదాన్ని మాత్రం విప్పి తీసుకెళ్లి నోజాన్ సుర్ మార్న్‌లో నిలబెట్టుకున్నారు. విప్పి మళ్లీ బిగించగలిగిన కట్టడాన్ని ముక్కలు చేసి పారేయడం ఎంత నష్టమో ఆ ఒక్కటి చూస్తే చాలు.

ఈ దారి ఎప్పుడు ఒప్పుకోవచ్చు? పాత మార్కెట్ ఆవరణలో తర్వాతి కాలంలో వేసిన సిమెంట్ రేకుల షెడ్లు, తుప్పు పట్టి చువ్వలు బయటపడ్డ స్లాబులు ఉంటే, వాటిని తీసేయడంలో తప్పులేదు. అసలు కట్టడమే కూలిపోయే స్థితిలో ఉందని ఎవరైనా అంటే మాత్రం ఒక్క రిపోర్టుతో ఒప్పుకోకండి. మైసూరు దేవరాజ మార్కెట్‌లో 2016లో కొంత భాగం కూలింది. కూల్చాలా, బాగుచేయాలా అని నిపుణులే రెండు పక్షాలై వ్యవహారం కోర్టుకెక్కింది. డంగు సున్నంతో కట్టిన గోడని ఆర్‌సీసీ (ఇనుప చువ్వల కాంక్రీటు) కళ్లతో పరీక్షించే ఇంజనీర్‌కి అది ఎప్పుడూ బలహీనంగానే కనపడుతుంది. సున్నం కట్టుబడి తెలిసిన మనిషిని కూడా అడగండి.

రెండో దారి: పాత హాల్లోనే కాలేజీ

విద్యార్థుల మనసు ఎక్కువగా దీని మీదే. వ్యాపారం వెళ్లిపోయిన మార్కెట్ అయితే నాకూ ఇష్టమే. మార్కెట్ హాలుకీ ఆర్కిటెక్చర్ స్టూడియోకీ చాలా దగ్గరి పోలికలున్నాయి. రెండిటికీ ఎత్తయిన కప్పు కావాలి, పైనుంచి వెలుతురు కావాలి, అడ్డుగోడలు లేని నేల కావాలి. క్రౌన్ హాల్ కూడా అంతే, 220 అడుగుల పొడవు, 120 అడుగుల వెడల్పు, 18 అడుగుల ఎత్తు ఉన్న ఒకే ఒక్క గది.

లెక్క వేసి చూడండి. బి.ఆర్క్ అయిదేళ్లు, ఏడాదికి 40 మంది అనుకుంటే 200 మంది. ఒక్కొక్కరికీ డ్రాయింగ్ బోర్డు, కుర్చీ, మోడల్ పెట్టుకునే చోటు, నడిచే దారి కలిపి నేను నాలుగున్నర చదరపు మీటర్లు వేసుకుంటాను. స్టూడియోలకే 900 చదరపు మీటర్లు. 30 మీటర్ల వెడల్పు, 60 మీటర్ల పొడవు ఉన్న హాలు దొరికితే 1,800 చదరపు మీటర్లు. దారులు, మెట్లు, టాయిలెట్లు తీసేస్తే స్టూడియోలు హాయిగా పడతాయి. మరి లైబ్రరీ, వర్క్‌షాప్, లెక్చర్ హాళ్లు, టీచర్ల గదులు? అవి పట్టవు. ఇక్కడే అందరూ మెజనైన్ (హాలు ఎత్తులో మధ్యన వేసే సగం అంతస్తు) గీస్తారు, గీసి పాత గోడకి ఆనిస్తారు. ఈ దారిలో అందరూ చేసే పెద్ద తప్పు ఇదే.

పాత మార్కెట్ గోడ తన కప్పు బరువు మోయడానికి కట్టింది. దానికి కొత్త దూలం గుచ్చితే బరువు ఒకేచోట పడి సున్నం పొరలు విడిపోతాయి. కొత్త అంతస్తు ఏదైనా తన సొంత స్తంభాల మీద, తన సొంత పునాది మీద నిలబడాలి, పాత గోడకి కనీసం ఒక జానెడు ఎడంగా. దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ మాంచెస్టర్ రాయల్ ఎక్స్ఛేంజ్. పత్తి వ్యాపారం జరిగే ఆ పెద్ద హాల్లో 1968లో లావాదేవీలు ఆగిపోయాయి. 1976లో అందులో థియేటర్ పెట్టారు. హాలు నేల ఆ బరువు మోయలేదని తేలడంతో, 150 టన్నుల థియేటర్‌ని హాల్లోని నాలుగు పెద్ద స్తంభాల నుంచి వేలాడదీశారు. నేలని కాపాడుతూ స్తంభాల శక్తిని వాడుకున్నారు. పాత కట్టడంలో ఏ భాగం ఎంత మోయగలదో ముందు కనుక్కుని, ఆ తర్వాతే డిజైన్ చేయడమంటే అది.

నేల విషయంలో మనకి ఒక వెసులుబాటు ఉంది. మన దేశపు బిల్డింగ్ కోడ్ ప్రకారం క్లాసు గదికి చదరపు మీటరుకి 3 కిలోన్యూటన్ల బరువు, చిల్లర దుకాణానికి 4 లెక్కలోకి తీసుకుంటారు. మార్కెట్ నేల మీద స్టూడియో బల్లలు వేయడం వల్ల భారం పెరగదు. లైబ్రరీ పుస్తకాల ర్యాకులు మాత్రం ఇంకా బరువు, వాటిని నేల మీదే పెట్టండి.

ఇక శబ్దం. ఒకే పెద్ద హాల్లో అయిదు బ్యాచ్‌లు కూర్చుంటే రెండో ఏడాది వాళ్ల జ్యూరీ (డిజైన్ గోడకి పెట్టి టీచర్ల ముందు వివరించే పరీక్ష) మాటలు అయిదో ఏడాది వాళ్లకి వినపడతాయి. కొంత వినపడటం మంచిదే, పెద్దవాళ్ల జ్యూరీ వింటూ చిన్నవాళ్లు నేర్చుకుంటారు. కానీ లెక్చర్ ఆ హాల్లో సాగదు. రంపం కోసే వర్క్‌షాప్ అయితే అసలు ఆ కప్పు కిందే ఉండకూడదు.

ఎండాకాలం కూడా చూసుకోండి. మన ఊళ్లలో మార్కెట్ హాలు పక్కలు తెరిచి ఉండేదే గాలి కోసం. కాలేజీ కదా అని కమానులన్నిటికీ గాజు బిగించి ఏసీ పెడితే, ఏ గుణం చూసి ఆ కట్టడాన్ని ఎంచుకున్నారో దాన్నే పోగొట్టినట్టు. స్టూడియోకి ఫ్యాన్లు, గాలి, పైన వేడి పోయే సందులు ఉంచి, కంప్యూటర్ ల్యాబ్, లెక్చర్ హాలు మాత్రం చిన్న పెట్టెలుగా విడిగా చల్లబరచండి.

మూడో దారి: కింద మార్కెట్, పైన కాలేజీ

సెక్షన్‌లో, అంటే కట్టడాన్ని నిలువుగా కోసి చూపించే బొమ్మలో, ఇంత అందంగా కనిపించే దారి ఇంకొకటి లేదు. కింద బుట్టలు, పైన బోర్డులు. జ్యూరీలో చప్పట్లు పడతాయి. కట్టాలంటే మాత్రం నాలుగింటిలోనూ ఇదే కష్టం.

చిక్కంతా పిల్లర్లతో. పైన స్టూడియోకి 8, 9 మీటర్ల ఎడం ఉన్న పిల్లర్ల వరసలు బాగుంటాయి. కింద అదే పిల్లర్ ఎవరి అరుగు మధ్యలోంచి వస్తుందో, వ్యాన్ తిరిగే మలుపుకి అడ్డొస్తుందో నాలుగింటి ప్లాన్ మీద పెట్టి చూడాలి. ఒక్కో పిల్లర్‌కి ఒక్కో మనిషి జాగా పోతుందని లెక్కేసుకుని, ఎన్ని తగ్గించగలరో చూడండి. పునాది తవ్వేటప్పుడు పక్కనే పాత గోడ పునాది ఉంటుంది, అది చాలాసార్లు మనం అనుకున్నంత లోతు ఉండదు.

ఆ తర్వాత వాసన, పొగ, తడి. చేపలు, మాంసం అమ్మే భాగం పైన స్టూడియో పెడితే మే నెలలో ఎవరూ కూర్చోలేరు. కింది గాలి పైకి రాకుండా మధ్యలో ఒక ఖాళీ అంతస్తు, అంటే నాలుగు పక్కలా తెరిచిన డెక్ వదిలితే మేలు. సావో పాలోలో విలనోవా ఆర్టిగాస్ డిజైన్ చేసిన ఆర్కిటెక్చర్ కాలేజీ, 1969లో తెరిచినది, చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. దానికి ముందు తలుపే లేదు. బయటి నేల నేరుగా లోపలి పెద్ద హాల్లోకి వస్తుంది, ర్యాంపులు పైకి తీసుకెళ్తాయి, స్టూడియోలన్నీ ఒకే పెద్ద కప్పు కింద పైన ఉంటాయి. అలాంటి నేల మార్కెట్‌దీ కావచ్చు, కాలేజీదీ కావచ్చు.

ఫ్రాన్స్‌లోని నాంత్‌లో లకటాన్, వసల్ అనే ఆర్కిటెక్ట్‌లు 2009లో కట్టిన ఆర్కిటెక్చర్ కాలేజీ కూడా చూడండి. 9, 16, 22 మీటర్ల ఎత్తుల్లో మూడు గట్టి కాంక్రీటు డెక్‌లు వేసి, వీధి నుంచి మిద్దె దాకా ర్యాంప్ తీసుకెళ్లారు. అడిగిన జాగాకి దాదాపు రెట్టింపు ఇచ్చారు, ఆ ఎక్కువ జాగాకి ఏ పేరూ పెట్టలేదు. ఎవరికి ఏది అవసరమైతే అది చేసుకుంటారు. మార్కెట్ మీద కాలేజీకి నాకు బాగా నచ్చే పద్ధతి ఇది, ఎందుకంటే మార్కెట్ కూడా పేరు పెట్టని జాగాతోనే నడుస్తుంది.

పైకప్పు మార్చి కింద మార్కెట్‌ని మార్కెట్‌గానే ఉంచిన ఉదాహరణ కావాలంటే బార్సిలోనాలో సాంత కతెరీనా ఉంది. 1848లో తెరిచిన మార్కెట్. ఎన్రిక్ మిరాయెస్, బెనెదెత్తా తాల్యాబూయే డిజైన్‌తో పాత గోడల్ని మూడు పక్కలా ఉంచి, మీద రంగురంగుల పింగాణీ పలకల అలల కప్పు వేశారు. 2005లో మళ్లీ తెరిచారు. తవ్వినప్పుడు పాత మఠం ఆనవాళ్లు బయటపడితే వాటినీ దాచకుండా కనపడేలా ఉంచారు. దీన్ని కప్పు కోసం చూడకండి, సరుకు లారీలు ఎటు వెళ్తాయో చూడండి. అలాంటి కప్పు కింద కూడా మార్కెట్ నడవాలంటే ముందు ఆ దారి కుదరాలి.

మెట్లు, మంటల భద్రత గురించి ఒక్క మాట. కాలేజీ మెట్లు మార్కెట్ లోపలికి దిగకూడదు, నేరుగా వీధిలోకి దిగాలి. పాత మార్కెట్లలో నిప్పు అంటుకోవడం కొత్త కాదు. కలకత్తా న్యూ మార్కెట్ 1985లో, బెంగళూరు రస్సెల్ మార్కెట్ 2012లో కాలాయి. 200 మంది పిల్లలు పైన ఉన్నప్పుడు కింద గడ్డి, గోనె, ప్లాస్టిక్ డబ్బాలు ఉంటాయన్న సంగతి ఒక్క క్షణం కూడా మర్చిపోకండి.

నాలుగో దారి: మార్కెట్ పక్కన, మిగిలిన జాగాలో

నా ఓటు ఎక్కువసార్లు దీనికే. ప్రతి పాత మార్కెట్ ఆవరణలోనూ ఎవరూ లెక్కలోకి తీసుకోని జాగా కొంత ఉంటుంది. బండ్లు ఆపే పెరడు, మూతబడ్డ గోదాం, చెత్త పోసే మూల, వెనక గోడకీ పక్క వీధికీ మధ్య సందు. కాలేజీని అక్కడ ఇరికించి, మార్కెట్ ప్రాంగణం వైపు తెరవాలి.

బెల్జియంలో టుర్నే పట్టణంలో ఐరెస్ మతేయుస్ అనే ఆర్కిటెక్ట్‌లు కట్టిన ఆర్కిటెక్చర్ ఫ్యాకల్టీ, 2017, సరిగ్గా ఇలాంటిదే. పాత ఫ్యాక్టరీ కట్టడాలు, పాత ఆసుపత్రి భవనం ఉన్న ఒక బ్లాకులో, వాటి మధ్య ఖాళీల్లోకి తెల్లటి కొత్త కట్టడాన్ని దూర్చారు. కొత్తది పాతవాటిని కలిపే దారి అయింది. ప్రవేశం దగ్గర ఇంటి ఆకారంలో గోడని కోశారు, అంతే. కొత్తగా కట్టింది కొంచెమే, దాంతో పాతవన్నీ వాడుకలోకి వచ్చాయి.

మన దేశంలో మార్కెట్, డిజైన్ చదువు పక్కపక్కన ఉన్న చోటు ముంబయి క్రాఫర్డ్ మార్కెట్. అది 1869 నాటిది. దాని ముఖద్వారం మీది రాతి శిల్పాలు డిజైన్ చేసింది లాక్‌వుడ్ కిప్లింగ్, ఆ పక్కనే ఉన్న జేజే ఆర్ట్ స్కూల్లో పాఠాలు చెప్పిన మనిషి. మామూలు కష్టజీవులే ఆ శిల్పాల్లో ఉన్నారు. ఒక స్కూలు తన పక్కనున్న మార్కెట్‌కి తన చేత్తో ఏదైనా ఇవ్వగలదు అనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఈ దారిలో అసలు లాభం సమయంతో వస్తుంది. మార్కెట్ నాలుగింటి నుంచి పదకొండింటి దాకా ఉరకలు వేస్తుంది. కాలేజీ తొమ్మిదింటికి మెల్లగా మొదలై రాత్రి పొద్దుపోయేదాకా వెలుగుతూ ఉంటుంది. మధ్యాహ్నం ఖాళీ అయిన ప్రాంగణంలో మోడల్స్ పెట్టుకోవచ్చు, జ్యూరీ చేసుకోవచ్చు. రాత్రి కాలేజీ దీపాలు వెలుగుతుంటే మూసిన మార్కెట్ చుట్టూ నడిచే ఆడవాళ్లకి ధైర్యం. కాలేజీ టాయిలెట్లు వీధి వైపు కూడా తెరుచుకునేలా పెట్టండి. మార్కెట్లో రోజంతా కూర్చునే ఆడవాళ్లకి కావాల్సింది మొదట అదే, వెళ్లి అడగండి. వర్క్‌షాప్ కూడా అంతే, విరిగిన తోపుడు బండి చక్రం బాగుచేసుకోవడానికి ఎవరైనా లోపలికి వచ్చేలా ఉండాలి. అహ్మదాబాద్‌లో ఆర్కిటెక్ట్ బి.వి. దోషీ కట్టిన ఆర్కిటెక్చర్ కాలేజీలో ఇటుక గోడలు, ఉత్తరం వెలుతురు, కట్టడం కింద నీడలో కూర్చునే చోట్లు చూడండి. గోడ కట్టని చోటే అందరూ ఎక్కువగా చేరేది.

లోపం లేదా అంటే ఉంది. జాగా ఇరుకు. సైట్ ఆకారం వంకరటింకరగా ఉంటుంది, ఉత్తరం వెలుతురు అన్ని స్టూడియోలకీ దొరకదు, కట్టడం మూడు నాలుగు ముక్కలవుతుంది. జ్యూరీలో ఒక్క బొమ్మలో చూపించలేరు. విద్యార్థులు దీన్ని వదిలేయడానికి ఆ చివరి కారణమే ఎక్కువ అని నాకనిపిస్తుంది.

కాగితం పని, జాగా మార్పు

సైట్ ఖాయం చేసుకునే ముందు దగ్గర్లో కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం ఏదైనా ఉందేమో చూడండి. ఉంటే 100 మీటర్ల లోపు కొత్త కట్టడం కుదరదు, ఆ పైన ఇంకో 200 మీటర్లు అనుమతి తీసుకోవాలి. చార్మినార్ చుట్టుపక్కల సైట్ తీసుకున్న వాళ్లు టేపు పట్టుకుని ముందు ఇదే కొలవాలి. తెలంగాణలో 2017 నాటి వారసత్వ చట్టం ఉంది. ఇక 2014 వీధి వ్యాపారుల చట్టం తప్పకుండా చదవండి. సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా వీధి వ్యాపారుల్ని ఖాళీ చేయించకూడదు అంటుంది. 50 ఏళ్లకు పైగా అమ్ముతున్న సహజ మార్కెట్లను హెరిటేజ్ మార్కెట్లుగా ప్రకటించాలని, అక్కడివాళ్లని తరలించకూడదని కూడా ఉంది. షట్టర్ అద్దెకు తీసుకున్నవాళ్ల సంగతి వేరు, వాళ్లకి మున్సిపాలిటీతో ఉన్న ఒప్పందాలు చూడాలి.

పని జరిగే ఏళ్లలో వ్యాపారులు ఎక్కడ ఉంటారో చూపించని డిజైన్‌ని నేను జ్యూరీలో పాస్ చేయను. బార్సిలోనాలో 1882 నాటి సాంత్ అంతోని మార్కెట్‌ని బాగుచేయడం 2009లో మొదలై 2018లో పూర్తయింది. తవ్వకంలో రోమన్ కాలపు రోడ్డు, పాత కోటగోడ బయటపడి ఆలస్యమైంది. ఆ తొమ్మిదేళ్లూ వ్యాపారం పక్క వీధిలో వేసిన తాత్కాలిక మార్కెట్‌లో నడిచింది. లండన్ కోవెంట్ గార్డెన్‌లో అలా కుదరలేదు. 1974లో పళ్లు, పూలు, కూరగాయల వ్యాపారం నైన్ ఎల్మ్స్‌కి వెళ్లిపోయింది, 1980లో పాత కట్టడం ఖరీదైన అంగళ్లతో తెరుచుకుంది. చూడముచ్చటగా ఉంటుంది, కానీ అక్కడ ఉల్లిగడ్డ బస్తా దిగదు.

మొజంజాహి మార్కెట్ తీసుకున్నవాళ్లకి నా సలహా ఇది. కాలేజీ మొత్తాన్నీ అందులో పెట్టకండి, పట్టదు, బాగుచేసిన రాయికి మళ్లీ రంధ్రాలు పెట్టాల్సి వస్తుంది. రెండో దారిని సగం, నాలుగో దారిని సగం తీసుకోండి. ఎగ్జిబిషన్, లైబ్రరీ, ఊరివాళ్లకి పాఠాలు చెప్పే హాలు కమానుల్లో, స్టూడియోలు, వర్క్‌షాప్ దగ్గర్లోని ఇంకో ప్లాట్‌లో. ఐస్‌క్రీమ్ దుకాణాల జోలికి వెళ్లొద్దు, రాత్రిపూట ఆ ప్రాంగణాన్ని నిలబెడుతున్నది వాళ్లే.

మోండా మార్కెట్ తీసుకున్నవాళ్లు నాలుగో దారితో మొదలుపెట్టండి. జాగా చాలక తప్పనిసరైతే, చేపల వైపు కాకుండా ఆకుకూరల వరస మీద, మూడో దారిలో ఒక్క డెక్ వేయండి. డెక్ పిల్లర్లు ఎక్కడ దిగాలో మీ గదిలో కూర్చుని తేల్చకండి. నాలుగింటికి సుద్దముక్క పట్టుకుని వెళ్లి, పిల్లర్ రావాల్సిన చోట నేల మీద చదరం గీసి, పక్కన నిలబడి చూడండి. ఆరింటి లోపు ఎన్ని బస్తాలు దాని మీద దిగాయో లెక్కపెట్టి, జరపాల్సింది జరిపి, అప్పుడు ప్లాన్ మీద పెట్టండి.